తల్లిచేతికి వచ్చిన విద్య

కొందరు పిల్లలకు మాట ఆలస్యంగా వస్తుంది. కొందరికి రానే రాదు. తోటిపిల్లలు పలకా బలపం పట్టి బడికి పోయే వయస్సులో వీరికి అన్నం కలుపుకొని తినుట, చొక్కాకు బొత్తాములు పెట్టుకొనుట కూడ కష్టసాధ్యమే. అయినను ఇంటివారిని ఎక్కువగా కుంగదీసేది ఈ వెనుకబాటు కాదు. నలుగురిలో నేలపై పడి పొర్లుట, తన చేతిని తానే కొరుకుకొనుట, గోడకు తల బాదుకొనుట, అర్ధరాత్రి లేచి ఇరుగుపొరుగులను సైతం మేల్కొల్పుట - వీటితో ఆ తల్లిదండ్రులు పెళ్ళిపేరంటాలకు దూరమవుతారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, కసురుతారు, కొడతారు, బుజ్జగిస్తారు. ఏదీ పనిచేయక చివరకు "వాడి తత్త్వమే అంత" అని ఊరుకుంటారు.

ఇట్టి ప్రవర్తనకు కూడ ఒక క్రమం ఉంటుందనీ, దానిని కనిపెట్టవచ్చుననీ, అందుకు అందరికంటె అనువైనవారు పిల్లవానితో పగలూ రాత్రీ గడిపే ఇంటివారేననీ లోకం గ్రహించుటకు నూటడెబ్బది సంవత్సరాలు పట్టినది. అంతకాలం ఎందుకు పట్టినదో, ఆలోపల ఎవరెవరు ఏమేమి కోల్పోయినారో చెప్పుకొనదగిన విషయం.

కథ ఫ్రాన్సు దేశంలో మొదలవుతుంది. 1800 జనవరిలో ఆ దేశపు దక్షిణభాగాన, అవేరాన్ ప్రాంతంలో, అడవిలో ఒంటరిగా బ్రతుకుతూ వచ్చిన సుమారు పన్నెండేండ్ల బాలుడొకడు జనావాసాలలోకి వచ్చినాడు. మాట లేదు, బట్ట లేదు, మనిషి పొడ గిట్టదు. ఆ ఏడు ఆగస్టులో అతనిని పారిస్ లోని బధిరుల విద్యాలయానికి తరలించినారు. ఉన్మత్తుల వైద్యంలో దయాధర్మాలు ప్రవేశపెట్టినవాడని కీర్తి గన్న పినెల్ మహాశయుడు బాలుని పరీక్షించి, ఇతడు పుట్టుజడుడు, విద్య అలవడదు అని తేల్చినాడు. ఇరవై ఆరేండ్ల వైద్యుడు ఇటార్ ఆ తీర్పుకు తలవంచలేదు. బాలునికి విక్టర్ అని పేరు పెట్టి, ఐదేండ్లకు పైగా శిక్షణ ఇచ్చి, 1801లోనూ 1806లోనూ రెండు నివేదికలు వ్రాసినాడు. ఎదుగుదలలో వెనుకబడిన పిల్లల విద్యకు నేటికీ ఆదిగ్రంథాలుగా ఎంచబడేవి అవే.

ఆ నివేదికలలో తరచు కనబడి, చరిత్రలో మాత్రం అంతగా కనబడని ఒక స్త్రీ ఉన్నది. ఆమె మదాం గెరెన్. విక్టర్ కు అన్నం పెట్టినది, స్నానం చేయించినది, షికారుకు తీసికొని వెళ్ళినది, కోపం వచ్చినప్పుడు దగ్గర కూర్చున్నది ఆమె. ఇటార్ రోజులో కొన్ని గంటలు పాఠం చెప్పేవాడు. మిగిలిన కాలమంతా ఆమెది. ఇందుకు ప్రభుత్వం ఆమెకు ఏడాదికి 150 ఫ్రాంకులు ఇచ్చినది. ఇటార్ స్వయంగా వ్రాసిన ఒక ఉదంతం ఉన్నది. భోజనాల బల్లపై పళ్ళేలు అమర్చుట విక్టర్ పని. గెరెన్ భర్త మరణించిన పిదప కూడ ఒకనాడు అలవాటు ప్రకారం ఆయన చోటున పళ్ళెం పెట్టినాడు. అది చూచి ఆమె కంటనీరు పెట్టుకొన్నది. విక్టర్ ఆ పళ్ళెం తీసి అలమరలో పెట్టివేసినాడు. మరి ఎన్నడూ అక్కడ పెట్టలేదు. తన చేత వలన ఎదుటివారికి ఏమి జరిగినదో చూచి, ఆ చేతను మార్చుకొన్నాడన్నమాట. జడుడనిపించుకొన్న పిల్లవాడు ఇంతపని ఎవరి సన్నిధిలో చేసినాడో గమనించవలె.

అదే నివేదికలో దీనికి పూర్తిగా భిన్నమైన సంగతి మరొకటి ఉన్నది. అక్షరాల పాఠం కష్టమైన కొలదీ విక్టర్ వస్తువులు విసరివేసి, దుప్పట్లు కొరికి, మూర్ఛ వచ్చినవానివలె పడిపోసాగినాడు. ఇటార్ సామాన్యుడు కాడు. ఈ ఉద్రేకం పాఠం కష్టమైనప్పుడే వచ్చుచున్నదని పట్టుకొన్నాడు. వచ్చినప్పుడల్లా పాఠం ఆపివేసినచో అది అలవాటుగా స్థిరపడునని కూడ ఊహించినాడు. అంతవరకు ఆయన నూటడెబ్బది సంవత్సరాల తరువాతివారితో సమానుడే. కాని పిమ్మట చేసిన పని వేరు. ఎత్తైన చోటులంటే విక్టర్ కు భయమని ఎరిగి, ఒకనాడు అతనిని ఎత్తి, పై అంతస్తు కిటికీలోనుండి తలక్రిందుగా పట్టుకొన్నాడు. బాలుడు వణకిపోయి, లోపలికి రాగానే అట్టముక్కలు ఏరి పాఠం పూర్తిచేసి, మంచంపై పడి వెక్కివెక్కి ఏడ్చినాడు. అతడు కన్నీరు కార్చుట చూచినది అదే మొదటిసారి అని ఇటార్ వ్రాసినాడు.

కారణం చక్కగా కనిపెట్టి కూడ, పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టుటకు బదులు పిల్లవానిని భయపెట్టిన ఈ ఘట్టం నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ ముందుమాట. ఎందుకు చేయుచున్నాడో తెలిసికొనుట ఒక విద్య. తెలిసిన పిదప ఏమి చేయవలెనో ఎరుగుట మరొక విద్య. రెండవది వచ్చుటకు చాలాకాలం పట్టినది.

శిక్షణ ముగిసిన పిదప విక్టర్ గెరెన్ ఇంటనే ఉన్నాడు. 1828లో అక్కడే మరణించినాడు.

ఇటార్ శిష్యుడు సెగ్విన్ గురువుగారి పద్ధతిని విస్తరించి, 1846లో గొప్ప గ్రంథం వ్రాసి, 1850 ప్రాంతాన అమెరికా చేరినాడు. అప్పటికే 1848లో మసచూసెట్స్ రాష్ట్రంలో హౌ అనే వైద్యుడు ఇట్టి పిల్లలకు పాఠశాల తెరిచినాడు. పిల్లవానిని కొన్నేండ్లు ఉంచుకొని, తన పని తాను చేసికొనుట నేర్పి, తిరిగి ఇంటికి పంపవలెనని వారి సంకల్పం. సంకల్పం మంచిదే. కాని పంపినచోట, అనగా ఇంట, ఎవరికి ఏమి నేర్పినారు? ఎవరికీ ఏమీ నేర్పలేదు. తిరిగి వెళ్ళినవారు నిలదొక్కుకోలేకపోయినారు. వెళ్ళనివారు అక్కడనే పెద్దవారైనారు. రెండు తరాలు తిరిగేసరికి ఆ పాఠశాలలు ఊరికి దూరాన ఎత్తైన గోడల మధ్య వందలకొలది జనాన్ని దాచిన ఆశ్రమాలుగా మారిపోయినవి. సెగ్విన్ గ్రంథాలను మాంటిసోరి తన చేతితో ఇటాలియన్ లోనికి వ్రాసికొన్నదనీ, ఆ విద్యనే సామాన్యబాలలకు మలచినదనీ, 1939లో మదరాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు నేర్పినదనీ చాలమంది ఎరుగుదురు. వెనుకబడిన పిల్లల కొరకు పుట్టిన పద్ధతి చురుకైన పిల్లల బడులలో వర్ధిల్లినది. ఎవరికొరకు పుట్టినదో వారు గోడల వెనుక ఉండిపోయినారు.

'గుడ్ ఎర్త్' నవల వ్రాసి 1938లో నోబెల్ బహుమానం పొందిన పెర్ల్ బక్ అట్టి తల్లులలో ఒకతె. తన కుమార్తెను 1929లో న్యూజెర్సీలోని ఒక శిక్షణాలయంలో ఉంచి, ఇరువది సంవత్సరాలు ఆ మాట బయట పెట్టలేదు. 1950లో ఆ బిడ్డను గూర్చి చిన్న పుస్తకం ప్రకటించినది. అంత గొప్ప రచయిత్రి అంతకాలం దాచిన సంగతిని బాహాటంగా చెప్పేసరికి ఎందరో తల్లులకు నోరు వచ్చినది. ఆ ఏడే మినియాపొలిస్ లో అట్టి తల్లిదండ్రుల జాతీయ సంఘం ఏర్పడినది.

అదేకాలాన తల్లులపై మరొక పిడుగు పడినది. 1943లో కానర్ అనే వైద్యుడు బాల్టిమోరులో 11 మంది పిల్లలను వర్ణించి, నేడు మనం ఆటిజం అనే స్థితికి తొలి శాస్త్రీయవివరణలలో ఒకటి ఇచ్చినాడు. ఆ వ్యాసంలో తల్లిదండ్రుల ఆప్యాయతాలోపాన్ని గూర్చి కూడ కొన్ని మాటలు దొర్లినవి. తరువాతివారు ఆ మాటలను పట్టుకొని, బిడ్డ ఇట్లగుటకు తల్లి హృదయం గడ్డకట్టి ఉండుటయే కారణం అన్నారు. షికాగోలో బెటల్‌హైమ్ 1967లో వ్రాసిన పుస్తకం ఈ వాదానికి పరాకాష్ఠ. ఆయన స్వయంగా నాజీల నిర్బంధశిబిరాలలో ఉండి వచ్చినవాడు. ఆటిజం గల పిల్లవాని స్థితిని ఆ ఖైదీల స్థితితో పోల్చినాడు. పిల్లవాడు ఖైదీ అయినప్పుడు తల్లి ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. బిడ్డను తల్లినుండి వేరు చేయుటయే చికిత్స అయినది. కారణం నీవే అని నిలబెట్టినవారు ఆ తల్లికే విద్య నేర్పుదురా? సుమారు పాతికేండ్లు ఆ తలుపు మూసివేయుటకు ఈ ఒక్క సిద్ధాంతం చాలినది. దానిని గట్టిగా ఖండించినవాడు రిమ్లాండ్. ఆయన అమెరికా నౌకాదళంలో మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, అట్టి బాలునికి తండ్రి. 1964లో ప్రకటించిన గ్రంథంలో, ఈ స్థితి మెదడు నిర్మాణానికి చెందినదే గాని పెంపకానికి చెందినది కాదని నిరూపింపబూనినాడు. మరుసటి ఏడు తల్లిదండ్రుల సంఘం స్థాపించినాడు.

ఇక ప్రవర్తనను చదివే విద్య ఎటునుండి వచ్చినదో చెప్పవలె. అది వైద్యశాలలనుండి రాలేదు. ఎలుకలు, పావురాల ప్రయోగశాలలనుండి వచ్చినది. ఏ చేత తరువాత ప్రాణికి ఇష్టమైనది లభిస్తుందో ఆ చేత పెరుగుతుంది, లభించనిది తగ్గుతుంది అనేది స్కిన్నర్ చూపిన సూత్రం. ఇది మన అవ్వలకు తెలియని విషయమా అని మీరనవచ్చు. తెలియును; కాని దానిని లెక్కగట్టి చూచినవారు లేరు. 1949లో ఫుల్లర్ అనే పరిశోధకుడు ఒక ఆశ్రమంలో పదునెనిమిదేండ్లుగా మంచం పట్టి, ఏమీ నేర్వలేడని వైద్యులు వదలివేసిన యువకుని వద్దకు పోయి, అతడు కుడిచేయి కదల్చినప్పుడెల్ల తియ్యని పాలు నోటిలో పోసినాడు. నాలుగు పర్యాయాలలో అతడు పాలకొరకు చేయి ఎత్తుట నేర్చినాడు. పదునెనిమిదేండ్ల తీర్పు ఆ చేయి ఎత్తుటతో వీగిపోయినది.

అయితే చేయి ఎత్తుట వేరు, బ్రతుకు మారుట వేరు. ఆ మార్పు డికీ అని శాస్త్రగ్రంథాలకెక్కిన మూడున్నర ఏండ్ల బాలునితో వచ్చినది. ఈ కథను కొంత వివరంగా చెప్పుట అవసరం.

డికీ కండ్లకు శుక్లాలు ఉండెను. రెండవ ఏట శస్త్రచికిత్స చేసి కటకాలు తొలగించినారు. కనుక కండ్లద్దాలు పెట్టుకొననిదే చూపు నిలువదు. పిల్లవాడు అద్దాలు ముట్టనిచ్చేవాడు కాడు. తల బాదుకొనేవాడు, ముఖం గీరుకొనేవాడు, రాత్రులు నిద్రపోయేవాడు కాడు; తల్లిదండ్రులు వంతులవారీగా మంచంప్రక్కన జాగరణ చేసేవారు. ఆరు నెలలలో అద్దాలు పెట్టుకొననిచో చూపు శాశ్వతంగా పోవునని నేత్రవైద్యుడు చెప్పినాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక మానసిక వైద్యాలయంలో చేర్చినారు. అక్కడివారు వుల్ఫ్, రిజ్లీ, మీస్ అనే పరిశోధకులను పిలిపించినారు.

వారు ముందు పిల్లవాని మనస్సులో ఏమున్నదని వెదకలేదు. ఉద్రేకం వచ్చినప్పుడు చుట్టుప్రక్కలవారు ఏమి చేయుచున్నారో చూచినారు. అందరూ పరుగెత్తుకొని వచ్చి ఎత్తుకొనుచున్నారు. ఇకమీదట ఉద్రేకం వచ్చినచో గదిలో ఉంచి తలుపు మూసి, శాంతించగానే తెరువవలెనని ఏర్పాటు చేసినారు. అద్దాల సంగతి: మొదట అద్దాలు లేని వట్టి ఫ్రేములు గదిలో పడవేసినారు. ఒకటి ముట్టుకొంటే ఒక మిఠాయి ముక్క, లేదా పండుముక్క. చేత పట్టుకొంటే మరొకటి. కండ్లవద్దకు తెస్తే ఇంకొకటి. ఈ పని చేసినవారు గొప్ప డాక్టర్లు కారు. వార్డులో పిల్లలను కనిపెట్టుకొని ఉండే సామాన్య పరిచారకులు. వారికి నేర్పినారు, వారిచేత చేయించినారు. పని నత్తనడకగా సాగినది. మధ్యలో అద్దాలు విసరి పగులగొట్టుట మొదలై, దానికి కూడ గదిలో ఉంచుటయే మందు అయినది. కాగా ఏడు నెలల తరువాత ఇంటికి వెళ్ళేసరికి డికీ రోజుకు సుమారు పన్నెండు గంటలు అద్దాలు పెట్టుకొనుచున్నాడు.

ఈ కథలో అద్దాలకంటె ముఖ్యమైన భాగం వేరొకటి ఉన్నది. పిల్లవాడు వైద్యాలయంలో బాగుపడి ఇంటికి పోగానే పూర్వంవలె అయినచో ఏమి లాభం? అందుచేత తల్లిదండ్రులను క్రమంగా లోపలికి తెచ్చినారు. మొదట పరిచారకుని సమక్షంలో కొద్దిసేపు పిల్లవానితో గడిపి, ఏది చూడవలెనో ఏది చూడనట్లుండవలెనో నేర్చినారు. తరువాత రాత్రి నిద్రపుచ్చుటకు తల్లి వచ్చినది. ఆ పిదప పిల్లవాడు కొద్దికొద్దిగా ఇంటికి వెళ్ళివచ్చినాడు. తొలిసారులు పరిచారకుడు కూడ వెంట వెళ్ళినాడు. ఆరునెలల తరువాత తల్లి ఇచ్చిన సమాచారంలో అద్దాలు ఉన్నవి, ఉద్రేకాలు లేవు, నిద్ర ఉన్నది, మాటలు పెరుగుచున్నవి. ఇదంతా 1964లో అచ్చయినది. సెగ్విన్ నాడు విడిచిపెట్టిన ప్రశ్నకు, ఇంట ఎవరికి ఏమి నేర్పవలెననేదానికి, మొదటి గట్టి సమాధానం ఇదే అని నా అభిప్రాయం.

రెండేండ్లకు, అనగా 1966లో, హాకిన్స్ బృందంవారు వైద్యాలయాన్ని కూడ విడిచి నేరుగా ఒక ఇంటికి వెళ్ళినారు. నాలుగేండ్ల బాలుడు, అలసిపోయిన తల్లి. పరిశోధకుడు ఒక మూల నిలబడి తల్లికి చేతిసంజ్ఞలు చేసేవాడు. ఒక సంజ్ఞకు అర్థం, ఆ పని మానుమని చెప్పు. రెండవదానికి, గదిలో ఉంచు. మూడవదానికి, దగ్గరకు తీసికొని మెచ్చుకో. ఇంటిలో పరాయివాడు నిలబడి సైగలు చేయుట వింతగానే తోచవచ్చు. కాని మూడవ సంజ్ఞ లేనిదే మొదటి రెండూ పనిచేయవని ఆ తల్లికి పుస్తకం చెప్పలేదు, ఆ సైగలు చెప్పినవి. కొన్ని వారాలకు సంజ్ఞల అవసరం తీరినది.

మూడవ సాక్ష్యం 1973లో వచ్చినది. నిజానికి వివాదాన్ని తేల్చినది ఇదే. లాస్ ఏంజెలిస్ లో లోవాస్, ఆయన సహచరులు ఆటిజం గల 20 మంది పిల్లలకు శిక్షణ ఇచ్చి, ఒకటినుండి నాలుగేండ్ల తరువాత వారెట్లున్నారని చూచినారు. తల్లిదండ్రులు శిక్షణ పొందిన పిల్లలు ఇంకను ముందుకు పోవుచున్నారు. ఆశ్రమాలకు పోయిన పిల్లలు నేర్చినది పోగొట్టుకొన్నారు. చికిత్స చేసినవారు నిపుణులే అయినను, నిలబెట్టినవారు ఇంటివారు. తల్లి హృదయం గడ్డకట్టినదన్న మాటకు ఇంతకంటె చెంపపెట్టు ఏమి కావలె!

ఈ చరిత్రలో సిగ్గుపడవలసిన అధ్యాయం కూడ ఉన్నది, దాచనక్కరలేదు. అదే లోవాస్ 1960 దశకంలో, తమను తాము గాయపరచుకొనే పిల్లలను ఆపుటకు చెంపదెబ్బలు, విద్యుత్తు తాకిడులు కూడ వాడినాడు. 1965లో 'లైఫ్' పత్రిక ఆ ఛాయాచిత్రాలు అచ్చువేసినది. అవి ఇటార్ కిటికీకి బంధువులే. దెబ్బ ఆ చేతను తత్క్షణం ఆపవచ్చును. కాని పిల్లవాడు దేనికొరకు అట్లు చేసినాడో ఆ అవసరం తీరదు, మరొక రూపంలో తలెత్తుతుంది. దెబ్బ కొట్టినవారికి మాత్రం కొట్టుట అలవాటవుతుంది.

ఆ అవసరం ఏమిటని అడుగుటను ఒక పద్ధతిగా తీర్చినవారు బాల్టిమోరులో ఇవాటా, ఆయన సహచరులు. వారి వ్యాసం 1982 నాటిది. తమను తాము గాయపరచుకొనే 9 మందిని తీసికొని, ఒక్కొక్కరిని నాలుగు విధాల పరిస్థితులలో పదునైదు నిమిషాల చొప్పున ఉంచినారు. ఒకదానిలో, గాయపరచుకొన్నప్పుడు మాత్రమే పెద్దవారు వచ్చి "అయ్యో, వద్దు" అంటారు. రెండవదానిలో కష్టమైన పని చెప్పి, గాయపరచుకోగానే పని ఆపుతారు. మూడవదానిలో ఒంటరిగా ఉంచుతారు. నాలుగవదానిలో బొమ్మలతో, మాటలతో హాయిగా ఆడుకొననిస్తారు. 9 మందిలో 6 గురికి ఏదో ఒక్క ప్రత్యేక పరిస్థితిలోనే ఆ బాధ హెచ్చినది. అందరికీ ఒకే పరిస్థితి కాదు, అదే కీలకం. ఒకడు మనిషిని పిలుచుటకు తల బాదుకొంటున్నాడు, మరొకడు మనిషిని పంపివేయుటకు బాదుకొంటున్నాడు. చూపులకు రెండూ ఒకటే. మొదటివానిని గదిలో ఒంటరిగా ఉంచితే తగ్గవచ్చు. రెండవవానికి అదే బహుమానమై మరింత పెరుగుతుంది. డికీకి పనిచేసిన గది అందరికీ పనిచేయదన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. మాట రాని పిల్లవాడు హఠాత్తుగా తల బాదుకొనుట మొదలుపెట్టినచో ముందు చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ఉన్నవేమో వైద్యునిచేత చూపించవలె. నొప్పికి అలక అని పేరు పెట్టుట అన్యాయం.

1985లో కార్, డ్యూరండ్ అనేవారు తరువాతి మెట్టు ఎక్కినారు. పని కష్టమై గొడవ చేసే పిల్లవానికి, గొడవకు బదులు "నాకు రావడం లేదు, సాయం చేయండి" అని అడుగుట నేర్పినారు. గమనింపు కోరేవానికి "నేను బాగా చేస్తున్నానా?" అని అడుగుట నేర్పినారు. అడిగినది వెంటనే దొరికినది, గొడవ తగ్గినది. మాట లేనివారికి సైగనో, బొమ్మ ఉన్న అట్టముక్కనో చూపుట నేర్పవచ్చు. ఇటార్ ఆ దుప్పట్లు కొరికిన పిల్లవానికి నేర్పవలసినది ఇదే. కాని అది తెలియుటకు 1800నుండి 1985 వరకు ఆగవలసి వచ్చినది. 1990 దశకంనుండి ఆటిజం గల పెద్దలు తామే మాట్లాడసాగినారు. 1993లో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులనుద్దేశించి, మా కొరకు శోకించవద్దని వ్రాసినాడు. చేతులాడించుట, ఊగుట వంటి నిరపాయకరమైన అలవాట్లను మాన్పించుటకు వేలగంటలు వెచ్చించి మమ్మల్ని బాధించినారని పలువురు నిష్ఠురమాడినారు. అందుచేత నేడు ఇంటివారికి మొదట నేర్పే ప్రశ్న, ఈ ప్రవర్తన వలన ఎవరికైనా హాని ఉన్నదా, లేక మనకు నామోషీగా మాత్రమే ఉన్నదా అనేది. ఈ ప్రశ్న నాకెంతో న్యాయంగా తోచుచున్నది.

మన దేశంలో పరిస్థితి మరొక విధం. ఇక్కడ గోడల ఆశ్రమాలు తక్కువ. పిల్లవాడు ఎట్టివాడైనను ఇంటనే ఉన్నాడు. ఉన్నాడుగాని ఇంటివారికి నేర్పేవారు లేరు. 1944లో బొంబాయిలో ఒక దంపతులు తమ కుమార్తె కొరకు ప్రారంభించిన పాఠశాల ఇట్టివాటిలో మొదటివాటిలో ఒకటి. 1950 దశకంలో అమృతసర్ మానసిక వైద్యాలయంలో విద్యాసాగర్ అనే వైద్యుడు రోగుల బంధువులకు ఆవరణలో డేరాలు వేయించి, వారిని చికిత్సలో పాలుపంచుకొనజేసినాడు. అది పిల్లల కొరకు చేసినది కాదు. కాని బంధువును గేటుబయట నిలబెట్టే ఆచారం మన దేశంలో అక్కడ సడలినది. రాయవేలూరులోని క్రైస్తవ వైద్యకళాశాలవారు ఆ దారినే పోయి, తమ మానసికారోగ్య కేంద్రంలో నంబిక్కై నిలయం అనే బాలలశాఖ ఏర్పరచి, తల్లి బిడ్డతో కూడ కొన్ని వారాలు అక్కడనే నివసించి నేర్చుకొని వెళ్ళే పద్ధతి పెట్టినారు. నంబిక్కై అనగా అరవంలో నమ్మకం.

తెలుగుదేశానికి ఇందులో సొంతమైన పాలు ఉన్నది. 1984లో సికింద్రాబాదులో, బోయినపల్లి చేరువ మనోవికాసనగర్ లో, కేంద్ర ప్రభుత్వం వారు బుద్ధిమాంద్యం గలవారి కొరకు జాతీయసంస్థ స్థాపించినారు. బుద్ధిమాంద్యం అనే మాట తరువాత వాడుకనుండి తొలగి మేధోవైకల్యం అనే మాట వచ్చినది; సంస్థ పేరుకూడ ఆ ప్రకారం మారినది. అక్కడ పెషావరియా, వెంకటేశన్ అనేవారు 1992లో భారతీయ బాలలకు తగిన ప్రవర్తనా పరిశీలన పట్టిక తయారు చేసినారు. మొదటి భాగంలో 280 అంశాలు - పిల్లవాడు ఏమేమి చేయగలడు అనేవి. రెండవ భాగంలో 75 అంశాలు - కొట్టుట, అలుగుట, తనను తాను గాయపరచుకొనుట, భయాలు మొదలైన కష్టపెట్టే ప్రవర్తనలు, పది తరగతులుగా. పడమటి దేశాల పట్టికలను యథాతథంగా వాడక మన పిల్లల నిత్యజీవితాన్ని బట్టి దీనిని కూర్చినారు. ఏమి చేయలేడు అనేదానికి ముందు ఏమి చేయగలడు అని వ్రాయించుట ఇందులోని విశేషం. 75 కష్టాలకు 280 నేర్పులు! బడి పంతులు గాని, పంతులు సహాయంతో తల్లి గాని, ఈ పట్టికను ముందు పెట్టుకొని కూర్చున్నచో, "వాడి తత్త్వమే అంత" అనే మాట చెప్పుట కష్టమవుతుంది.

ఇంట చేసే పరిశీలన ఇంతకంటె తేలిక. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయవలె. గొడవకు ముందు ఏమి జరిగినది. పిల్లవాడు సరిగ్గా ఏమి చేసినాడు. తరువాత మనం ఏమి చేసినాము. "మొండితనం చేసినాడు" అని వ్రాయరాదు. "పళ్ళెం విసరినాడు" అని వ్రాయవలె. వారం పది రోజులు వ్రాసినచో అర్థం కాని గొడవలు చాలవరకు ఒకటి రెండు వేళలకు, ఒకరిద్దరు మనుషులకు, ఒకటి రెండు పనులకు చుట్టుకొని కనబడతాయి. మూడవ గడి వ్రాయుట మాత్రం అందరికీ కష్టమే, ఏలనగా అది పిల్లవానిని గూర్చి కాదు, మనలను గూర్చి.

మన ఉమ్మడి ఇండ్లలో దీనికి మరొక చిక్కు. తల్లి పుస్తకం వ్రాసి, గోలచేస్తే బిస్కట్టు ఇవ్వరాదని నిశ్చయించుకొన్నది. మూడు రోజులు నిలిచినది. నాలుగవ రోజున నాయనమ్మకు జాలి కలిగి, "పసివాణ్ణి అంత ఏడిపిస్తారుటే!" అని ఒక బిస్కట్టు పెట్టినది. ఆమె ప్రేమను తప్పు పట్టలేము. కాని ఎప్పుడూ దొరికేదానికంటె ఎప్పుడో ఒకసారి దొరికేదాని కొరకు ప్రాణి ఎక్కువకాలం పట్టు విడువదని ఫెర్‌స్టర్, స్కిన్నర్లు 1957లోనే విస్తారంగా వ్రాసినారు. పైగా గమనించుట మానిన తొలిరోజులలో గోల తగ్గుటకు మునుపు హెచ్చుతుంది. ఇది ముందుగా చెప్పకపోతే ఏ తల్లియైనా బెదరి విడిచిపెడుతుంది. కనుక నేర్పవలసినది తల్లి ఒక్కతెకే కాదు.

ఈ సంగతిని ఇండ్లవద్దకు వెళ్ళినవారు త్వరగా గ్రహించినారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లెటూళ్ళలో 1969లో పోర్టేజ్ అనే ఊరినుండి ఒక పథకం మొదలైనది. పిల్లలను చేర్చుటకు బడి దూరం. అందుచేత ఉపాధ్యాయినియే వారానికి ఒకసారి ఇంటికి వచ్చి, ఆ వారం నేర్పవలసిన చిన్నపనిని తల్లికి చేసి చూపి, తల్లిచేత చేయించి చూచి, వెళ్ళేది. ఆ పద్ధతి తరువాత మన దేశంతో సహా అనేక దేశాలకు పాకినది. ప్రపంచారోగ్యసంస్థవారు 2022లో ప్రకటించిన సంరక్షకుల శిక్షణ కూడ ఇదే కోవలోనిది. రెండునుండి తొమ్మిదేండ్ల పిల్లలు గలవారి కొరకు ఏర్పడినది. నేర్పేవారు డాక్టర్లే కానక్కరలేదు, తగిన తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు గాని, ఉపాధ్యాయులు గాని, అదే అనుభవం గల తల్లులు గాని కావచ్చు. పదిమంది తల్లిదండ్రులు కలిసి కూర్చొనే సమావేశాలు తొమ్మిది. ఇంటికి వచ్చి చూచుట మూడుసార్లు. ఆ మూడుసార్లు వచ్చినప్పుడు నేర్పేవారు పిల్లవానికి పాఠం చెప్పరు. ఒక ప్రక్కన కూర్చొని, తల్లి అన్నం పెడుతూండగా, ఆడిస్తూండగా చూస్తారు. తాతయ్య, నాయనమ్మ ఇంట ఉన్నచో వారిని కూడ దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుంటారు.